గోడ ఎక్కడ మొదలగును?

గడచిన మార్గశిరమాసములో ఒక ఆదివారమునాటి ఉదయము. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ కూడలికి చేరువనున్న ఒక టీ కొట్టు ముందు మేము నిలుచుండగా, వీపున పెద్ద సంచి తగిలించుకొన్న ఒక ఆంగ్లేయ యువకుడు వచ్చి దారి యడిగెను. "గోలకొండలో గోడమీది నడక ఎక్కడ మొదలగును?" అని అతని ప్రశ్న. కోటకు దారి యడిగినవారు మాకు ఇంతకుముందు పలువురు తారసపడినారు. కోట గోడకు దారి యడిగినవాడు మాత్రము ఇతడే మొదటివాడు.

మాటలలో అతని ఊరు ఇంగ్లాండు ఉత్తరభాగముననున్న యార్క్ నగరమని తెలిసినది. క్రీస్తుశకము 71లో రోమనులు దండు విడిసిన చోట పుట్టిన ఊరది. నేడు నిలిచియున్న రాతిగోడలో అధికభాగము 13, 14 శతాబ్దులనాటిది. దాని పొడవు సుమారు 3.4 కిలోమీటర్లు. గోడపైన మనుష్యులు నడచుటకు బాట కలదు. అందులకు రుసుము లేదు. ఆ ఊరివారు నగరద్వారమును 'బార్' అందురు. 'గేట్' అను మాట అక్కడ వీధుల పేర్ల చివర వచ్చును. ఒకప్పుడు ఆ ఊరిని జయించి కాపురమున్న వైకింగుల భాషలో దానికి వీధి యని అర్థము. "మా ఊరిలో పిల్లలకు నడక రాగానే పెద్దవాండ్రు వారిని గోడమీదికి తీసికొనిపోవుదురు. మీ ఊరికి అంతకన్న పెద్ద గోడ కలదని చదివితిని. అందుచేత అడుగుచున్నాను" అని యతడు చెప్పెను.

మేము ఇరువదియేండ్లుగా ఈ నగరమున నివసించుచున్నాము. గోలకొండను గూర్చి మైకు ముందు పలుమార్లు మాటలాడినాము. బాలా హిస్సారు మెట్లు ఎక్కినాము, చప్పట్లు కొట్టినాము, చుట్టములకు చూపినాము. అయినను ఆ గోడ వెంబడి ఒక్కసారియైనను నడిచినవారము కాము. మాకు తెలియదని ఒప్పుకొని, "పదండి, కలిసి చూతము" అంటిమి. అతడు సంచి సవరించుకొనెను. అట్లు మా యాత్ర ఆరంభమైనది.

మేము నిలిచిన చోటు మాదాపురము. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. అంతకుముందు ఇక్కడ నున్నవి బండరాళ్లు, తుమ్మచెట్లు, చిన్న చిన్న పల్లెలు. పిమ్మట పాతికేండ్లలో మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కలిసి అద్దాల మేడల నగరమైనవి. 2003లో ఇచ్చట ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడుటతో సైబరాబాదు అను పేరు ప్రభుత్వపు కాగితములలోనికిని ఎక్కినది. ఈ నగరమునకు చుట్టుగోడ లేదు. ఐనను ప్రతి మేడకు దాని ప్రహరి దానికి కలదు. మెడలో కార్డు వ్రేలాడనివానిని ఏ ద్వారమును లోనికి రానీయదు. "కోటలు పోయినవనుకొనుచున్నాము గాని, కావలివాండ్రు పోలేదు" అని నవ్వుకొనుచు ముందునకు సాగితిమి.

కొంతదూరములో దుర్గము చెరువు కనబడినది. దానిపై తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరువబడినది. సాయంకాలము దీపముల వెలుగున దానిని చూచుటకు వచ్చువారు వేలకొలది. వారిలో ఎందరికి తెలియునో గాని, కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు త్రాగునీరు పోయినది ఈ చెరువునుండియే. కోటలోనికి చేరిన నీటిని మట్టిగొట్టముల ద్వారా, పశువులు త్రిప్పు చక్రముల సాయమున అంచెలంచెలుగా పైకి తోడి కొండమీదికి ఎక్కించెడివారు. ఆ గొట్టముల తునకలు నేటికిని కోటగోడలలో అగపడును. నేటి నగరమునకు ముచ్చటైన ఈ చెరువు ఆనాటి నగరమునకు ప్రాణము.

చెరువు చుట్టునున్న బండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల నల్లసేనపు రాయి. గోలకొండ గోడయు ఈ జాతి రాతితోనే కట్టబడినది. ఒక నగరము ఈ రాతిని పేర్చి గోడ కట్టుకొనెను. మరియొక నగరము ఇదే రాతిని మందుపెట్టి పేల్చి నేల చదును చేసికొనెను. మేమీ మాట చెప్పగా యువకుడు ఒక బండపై చేయి వేసి కొంతసేపు ఊరకుండెను.

అక్కడినుండి షేక్‌పేట చేరితిమి. రహదారి ప్రక్కన కుతుబ్‌షాహీల కాలపు సరాయి యొకటి కలదు. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రెండంతస్తులలో కమానుల వెనుక వరుస గదులు, చేరువనే మసీదు. వర్తకులు, బాటసారులు గోలకొండ ద్వారములు చేరుటకు ముందు పశువులను విప్పి, మూటలు దించి, ఇచ్చట రాత్రి గడపెడివారు. యువకుడు తన సంచి దించి, "నేను బస దిగవలసిన చోటు ఇది. నాలుగువందల యేండ్లు ఆలస్యముగా వచ్చినాను" అనెను.

అతని వంటివారు అప్పుడును వచ్చిరి. విలియం మెత్వోల్డ్ అను ఆంగ్లేయ వర్తకుడు 1618 మొదలు 1622 వరకు మచిలీపట్నమున నుండి, గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1626లో లండనులో అచ్చయినది. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియె వజ్రముల కొరకు పలుమార్లు ఈ దారిని తొక్కెను. అతని దేశీయుడే యైన తెవెనో కేవలము లోకము చూచు కోరికతో తిరుగుచు 1667లో ఇచ్చటికి వచ్చెను. కృష్ణ యొడ్డుననుండిన కొల్లూరులో త్రవ్విన వజ్రములు గోలకొండ వీధులలో చేతులు మారుచుండెడివి. ఇచ్చట గని లేకున్నను, అంగడి యిచ్చట నుండుటచేత వజ్రమునకు గోలకొండ పేరు నిలిచినది.

సరాయి దాటి పోవగా కుతుబ్‌షాహీ సమాధులు వచ్చినవి. ఒక రాజవంశపు రాజులందరు దాదాపుగా ఒక్క తోటలో నిద్రించుచున్న చోటు ఇది. ఇచ్చటి పెద్దబావి ఒక ప్రక్క 2013లో వానలకు కూలినది. దానిని రాయి రాయి యెత్తి మరల కట్టిరి. ఇచ్చటి మెట్లబావులను బాగుచేసిన పనికి 2022లో యునెస్కో వారి పురస్కారము లభించినది. ఈ తోట కథ వేరొక ప్రసంగమునకు తగినది. మా దారి గోడకు గదా! బంజారా దర్వాజా వైపు తిరిగితిమి.

ఎదుట గోడ నిలిచెను. ఇంతకాలము మేము కోట యని తలచినది టిక్కెట్టు కొని లోనికి పోవు బాలా హిస్సారును మాత్రమే. అది కోటలోని కోట. గోలకొండకు మూడు వరుసల గోడలు కలవు. మొదటిది ఊరంతటిని చుట్టిన వెలిగోడ; రెండవది కొండ పాదమును చుట్టినది; మూడవది కొండపైన సహజముగా నున్న బండలను కలుపుచు పోవునది. వెలిగోడకు 87 బురుజులు, 8 దర్వాజాలు. బంజారా, ఫతే, మక్కా, జమాలీ, మోతీ మొదలైనవి వాని పేర్లు. అనగా యార్క్ వలెనే గోలకొండయు గోడగల ఊరు. కొండను చూచి మరలిపోవువారు ఊరిని చూడకయే పోవుచున్నారు.

కాకతీయుల కాలమున ఇచ్చట మట్టికోట యుండెననియు, గొల్లల కొండ గనుక గొల్లకొండ యైనదనియు పెద్దలందురు. 14వ శతాబ్దిలో ఇది బహమనీల వశమైనది. వారి ప్రతినిధిగా తెలంగాణమును పాలించిన సుల్తాన్ కులీ 16వ శతాబ్ది ఆరంభమున తన రాజ్యమును ఇచ్చట స్థాపించెను. మట్టిగోడ రాతిగోడగా బలపడుటలో పెద్ద పాలు అతని కుమారుడైన ఇబ్రహీం కుతుబ్‌షాహిది. మక్కా దర్వాజాపై నున్న శాసనము 1559వ సంవత్సరమునాటిది. ఈ ఇబ్రహీమే మన కవుల మల్కిభరాముడు. అన్నకు వెఱచి యౌవనమున ఏడేండ్లు విజయనగరమున రామరాయల యండనుండి తెలుగు రుచి మరగినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. ఇతని యధికారియైన అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగన యయాతిచరిత్రమను అచ్చతెలుగు కావ్యమును అంకితము చేసెను. 1578లో మూసీనదిపై పాతవంతెన కట్టించినవాడును ఇబ్రహీమే. గోడ కట్టిన చేయియే గోడవెలుపలికి దారియు వేసినది. ఆ దారి వెంటనే 1591లో అతని కుమారుడు మహమ్మద్ కులీ నదికి ఆవలి యొడ్డున హైదరాబాదును నిర్మించెను.

బంజారా దర్వాజాలోనుండి నడచితిమి. పూర్వము ఎద్దులపై ధాన్యము తెచ్చు బంజారాలు వచ్చుటచే ఈ పేరు కలిగినదని చెప్పుదురు. ఇప్పుడు ఆటోలు, పాల బండ్లు, బడిపిల్లలు వచ్చుచున్నారు. లోపల ఊరు సజీవముగా నున్నది. ఇండ్లు, మసీదులు, గుడులు, దర్జీ కొట్లు, రొట్టెల భట్టీలు. ఆషాఢమున జంటనగరముల బోనాల పండుగ మొదలగునది ఈ కొండపైనున్న జగదాంబ గుడినుండియే. 2014 నుండి ఆగస్టు 15న రాష్ట్ర ముఖ్యమంత్రి జెండా ఎగురవేయుచున్నదియు ఈ కోటలోనే.

మరి గోడమీది నడక? కొన్నిచోట్ల ఇండ్ల వెనుకగోడ కోటగోడయే. కొన్నిచోట్ల ముండ్లకంపలు. కొంతభాగము సైనికుల స్థలము, అటు పోరాదు. ఒక బురుజు నీడను ఇద్దరు వృద్ధులు పులి-మేక ఆట ఆడుకొనుచుండిరి. గోడమీదికి దారి యెక్కడ అని యడుగగా అందులో ఒకరు, "గోడమీదికి ఎందుకు బాబూ, పడితే కాలు విరుగును. పక్కన నడవుము, అదే నిన్ను తీసికొనిపోవును" అనిరి. ఆ మాటయే మాకు దారి యైనది. గోడను ఎడమచేతికి పెట్టుకొని నడచితిమి.

ఈశాన్యమున గోడ ఒకచోట ఉబ్బి బయటకు పోవును. అది నయా కిలా, అనగా కొత్తకోట. దానికి కారణము 1656వ సంవత్సరము. గోలకొండ మంత్రియు, వజ్రములలో కోట్లు గడించినవాడునైన మీర్ జుమ్లా తన ప్రభువైన అబ్దుల్లా కుతుబ్‌షాహితో చెడి మొగలులతో చేరెను. యువరాజు ఔరంగజేబు వచ్చి కోటను ముట్టడించెను. ఢిల్లీనుండి షాజహాను ఉత్తరువు రాగా సంధి కుదిరి, అబ్దుల్లా కుమార్తెను ఔరంగజేబు కుమారునకిచ్చి పెండ్లి చేసిరి. శత్రువు ఫిరంగులకు ఆసరా కాగల గుట్ట యొకటి గోడ వెలుపల నుండుటను గమనించిన అబ్దుల్లా, పిమ్మట దానిని కలుపుకొనుచు గోడను పొడిగించెను. దక్షిణపు వైపున మూసాఖాను పర్యవేక్షణలో ధర్మాచార్ అను శిల్పి కట్టిన మూసాబురుజును ఈ భయమునకు పుట్టినదే. నయా కిలాలో ఆఫ్రికా జాతి బ్రహ్మామ్లిక వృక్షమొకటి కలదు. దాని మొదలు ఒక చిన్న ఇంటియంత. జనులు దానిని ఏనుగుల చెట్టందురు. చుట్టునున్న నేలలో నేడు గోల్ఫు ఆట జరుగుచున్నది.

గోడ ఎంత బలపడినను, లోపలినుండి వచ్చు ఆపదకు మందు దొరకలేదు. అబ్దుల్లా అల్లుడైన అబుల్‌హసన్ తానీషా కాలమున హనుమకొండనుండి వచ్చిన అక్కన్న మాదన్నలు రాజ్యపాలనమును నడపిరి. 1686 మార్చిలో ఆ సోదరులిద్దరిని ఈ కోటవీధులలోనే చంపిరి. మరుసటి సంవత్సరము జనవరిలో ఔరంగజేబు చక్రవర్తియై మరల వచ్చెను. ఎనిమిది మాసములు ముట్టడి సాగినది. రాత్రివేళ నిచ్చెనలతో గోడ యెక్కబోయిన మొగలు సైనికులను చూచి ఒక ఊరకుక్క మొరుగగా కావలివారు మేల్కొనిరనియు, తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించెననియు ఒక కథ కలదు. జూన్ మాసమున గోడక్రింద సొరంగములు త్రవ్వి మందు పెట్టిరి. లోపలివారు ముందే కనిపెట్టి మందు తీసివేయుటచే అది ప్రేలి మొగలుల మీదికే విరుచుకొని పడెను. వానలు, క్షామము, రోగములు ముట్టడించినవారినే ముట్టడించినవి. గోడ గెలిచినది.

అట్లు గెలిచిన గోడ ఒక్క రాత్రిలో ఓడినది. 1687 సెప్టెంబరు 21వ తేదీ తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పన్నీ అను కోటలోని సేనాని లంచమునకు లొంగి ఒక చిన్న ద్వారము తెరచెను. అబ్దుర్ రజాక్ లారీ అను వీరుడు, శత్రువు పంపిన ఆశలను అంతకుముందే కాలదన్నినవాడు, ఆ రాత్రి గుప్పెడుమందితో ఎదిరించి డెబ్బదికి పైగా గాయములతో పడిపోయెను. శత్రువే అతనికి వైద్యము చేయించెను. తానీషా తొణకక ఉదయ భోజనము ముగించి లొంగిపోయెననియు చరిత్రకారులు వ్రాసిరి. అతని శేషజీవితము దౌలతాబాదు కోటలో బందీగా గడచెను.

ఇట్లు నడచుచు మధ్యాహ్నమునకు ఫతే దర్వాజా చేరితిమి. ఏనుగులు తలతో క్రుమ్మకుండ తలుపులకు ఇనుపమేకులు కొట్టియున్నవి. ఫతే యనగా విజయము. మొగలుల ప్రవేశము తరువాత వచ్చిన పేరిది. యువకుడు పేరునకు అర్థము విని, "తెరచి ఇచ్చిన తలుపునకు విజయమని పేరా?" అనెను. మాకును ఆ మాటయే మనసున నున్నది.

అక్కడ ఒక అరుగుమీద కూర్చుండి, మీ ఊరి గోడ ఎట్లు మిగిలినదని మేమడిగితిమి. 1800లో యార్క్ నగరపాలకులు ఆ గోడను పడగొట్టుటకు పార్లమెంటు అనుమతి కోరిరట. గోడ పాతబడినది, మరమ్మతు భారము, ద్వారములు బండ్లకు ఇరుకు అని వారి వాదము. పౌరులు అడ్డుకొనిరి. ద్వారముల ముందరి కట్టడములు కొన్ని కూలినవి గాని గోడ నిలిచినది. ఆ ఊరిలో పుట్టిన చిత్రకారుడు విలియం ఎట్టీ గోడ పక్షమున గట్టిగా నిలిచినవారిలో ఒకడు. గోడను కట్టినవారు రాజులు. దానిని దక్కించినవారు ఊరివారు.

మన హైదరాబాదుకును గోడ యుండెను. 18వ శతాబ్ది పూర్వభాగమున ముబారిజ్‌ఖాను దానిని మొదలుపెట్టగా మొదటి నిజాము పూర్తిచేసెను. దాని చుట్టుకొలత ఆరు మైళ్లు. 1908 సెప్టెంబరులో మూసీ వరద దానిని దెబ్బతీసెను. మిగిలినదానిలో హెచ్చుభాగమును తరువాతి యేండ్లలో మనమే రోడ్ల కొరకు తీసివేసితిమి. నేడు నిలిచినవి దబీర్‌పురా దర్వాజా, పాతవంతెన దర్వాజా మాత్రమే. అప్పుడును వాదము యార్క్‌లోని వాదమే: పాతది, ఇరుకైనది, అడ్డము. తీసివేసినవారు దుర్మార్గులు కారు. అడ్డుకొనవలసినదని ఊరివారికి తగినంత గట్టిగా తోచకపోవుటయే భేదము.

సాయంకాలము కానున్నది. బాలా హిస్సారు దర్వాజా క్రింద నిలిచి ఎవరో చప్పట్లు కొట్టుచుండిరి. ఆ చప్పుడు కొండపైనున్న మండపమునకు వినబడును. రేడియోలో పనిచేయువారమగుటచే మాకు ఆ ద్వారముపై మొదటినుండియు అభిమానము. క్రిందివాని మాట పైవానికి చేర్చు ఏర్పాటది. ఐతే ఆనాడు తెలిసినది, చప్పట్లు కొట్టి మరలి వచ్చుటయే ఇరువదియేండ్లుగా మా గోలకొండ జ్ఞానమని.

యువకుడు సెలవు తీసికొనుచు, "మీ గోడ మాదానికన్న గొప్పది. కాని దాని మీద మీ పిల్లలు లేరు" అనెను. అందులో గర్వము లేదు, ఎగతాళి లేదు. సంచి భుజమునకెత్తుకొని మెహదీపట్నము బస్సెక్కి పోయెను.

శ్రోతలారా, సైబరాబాదు అద్దాల మేడలకు గోలకొండ గోడ పది కిలోమీటర్ల లోపలనే యున్నది. మీలో పలువురి బిడ్డలు ఆ మేడలలో ఉద్యోగము చేయుచుందురు. వచ్చు ఆదివారము వారితో, వారి పిల్లలతో బంజారా దర్వాజావద్ద దిగుడు. టిక్కెట్టు అక్కరలేదు. వెంట నీరు తీసికొనుడు, ఎండ ముదరకముందే బయలుదేరుడు. గోడను ఎడమచేతికి పెట్టుకొని, సైనికుల హద్దును ఇండ్లవారి ముంగిలిని గౌరవించుచు, అవసరమైనచోట వీధులగుండా చుట్టి, ఫతే దర్వాజావరకు నడువుడు. రాళ్లను ఊడదీయవలదు, పేర్లు చెక్కవలదు. పిల్లలు అడిగినంత చెప్పుడు. చెప్పలేనిది మాకు తెలియదని ఒప్పుకొనుడు. మేమును అట్లే మొదలుపెట్టినాము.

మేము ఆనాటినుండి ఇప్పటికి మూడుసార్లు ఆ దారి నడచినాము. మూడవసారి మా యింటి చిన్నవాడును వచ్చెను. వాడు బంజారా దర్వాజావద్ద నిలిచి, తలయెత్తి చూచి, ఆ యువకుడు అడిగిన ప్రశ్ననే తన మాటలలో అడిగెను. ఈసారి మేము చేయి చాచి చూపగలిగితిమి.